9 హార్డ్ డిస్కులు, 11 క్యాటలాగ్‌లు: ఒక పెళ్లిళ్ల స్టూడియో ఫోటోలను దారిలో పెట్టామిలా

"ఫోటోలన్నీ లైట్‌రూమ్‌లోకి ఎక్కించాను కదా, ఇక హార్డ్ డిస్క్‌లో ఉన్నవి డిలీట్ చేసేయొచ్చా?"

లైట్‌రూమ్ క్లాసిక్ గురించి ఎప్పుడు రాసినా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చేయొద్దు. దయచేసి చేయొద్దు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో మీ ఫోటో ఒక్కటి కూడా ఉండదు. అందులో ఉండేది ఒక జాబితా మాత్రమే. ఫలానా ఫోటో ఫలానా డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉంది, దానికి మీరు ఇంత బ్రైట్‌నెస్ పెంచారు, ఇక్కడ క్రాప్ చేశారు, నాలుగు స్టార్లు ఇచ్చారు అని రాసి పెట్టుకునే డేటాబేస్. దాన్నే క్యాటలాగ్ అంటారు. గ్రంథాలయంలో పుస్తకాల కార్డులుండే డ్రాయర్ లాంటిదన్నమాట. డ్రాయర్ భద్రంగా ఉంది కదా అని బీరువాలోని పుస్తకాలు తగలబెట్టుకోం కదా! క్లౌడ్‌లో నడిచే మామూలు లైట్‌రూమ్ సంగతి వేరు. అది అసలు ఫైళ్లనే సర్వర్‌కి పంపుతుంది. పేర్లు ఒకేలా ఉండటం వల్లే సగం గందరగోళం.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, ఈ వేసవిలో మూడు వారాల సాయంత్రాలు నేను తెనాలిలో మా మామయ్య స్టూడియోలో గడిపాను. ఆయన పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. 2005లో డిజిటల్‌కి మారారు. మొదట్లో పికాసా, 2012 నుంచి లైట్‌రూమ్. కౌంటర్ కింద అరలో 9 పోర్టబుల్ హార్డ్ డిస్కులు, వాటి మీద చెరిగిపోయిన మార్కర్ రాతలు. కంప్యూటర్‌లో 11 క్యాటలాగ్‌లు. సీజన్‌కి ఒకటి చొప్పున తెరిచేశారు. వాటిలో ఏది తెరిచినా ఎడమ పక్కన ఫోల్డర్ల మీద ప్రశ్నార్థకాలే. మొత్తం 1.84 లక్షల ఫోటోలు, సుమారు 3.2 టీబీ. ఇల్లూ వాకిలీ సర్దడం వేరు, ఇది సర్దడం వేరు. ఇక్కడ ఒక్క తప్పు క్లిక్‌తో ఎవరిదో పెళ్లి పోతుంది.

ముందు సర్దకండి, కాపీ చేయండి

ఇలాంటి పని మొదలుపెట్టిన ఎవరికైనా చేతులు దురద పెడతాయి. డూప్లికేట్ కనిపిస్తే తీసేద్దాం, పేరు బాగోలేకపోతే మార్చేద్దాం అనిపిస్తుంది. మొదటి వారం ఆ ఊసే వద్దు. మేం చేసిన మొదటి పని తొమ్మిది డ్రైవ్‌లకూ తెల్ల స్టిక్కర్లు అంటించి 1 నుంచి 9 దాకా నంబర్లు వేయడం. రెండోది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక్కో డ్రైవ్ ఆరోగ్యం చూడటం. హార్డ్ డిస్క్ తన లోపాలను తనే లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కలో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసలు చూస్తే చాలు. అవి సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోండి. ఎనిమిది డ్రైవ్‌ల్లో సున్నానే. నాలుగో నంబర్‌లో మాత్రం పెండింగ్ సెక్టార్లు వందల్లో ఉన్నాయి. చదవడానికి ప్రయత్నించి చదవలేకపోయిన చోట్లు అవి. దానికి ఎర్ర స్టిక్కర్ వేసి అన్నిటికంటే ముందు దాని పని పట్టాం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కొత్తగా కొన్నది 8 టీబీ డెస్క్‌టాప్ డ్రైవ్, విడిగా పవర్ అడాప్టర్ ఉండే 3.5 అంగుళాల రకం. మంచి డ్రైవ్‌లలోని సరుకంతా యథాతథంగా దానిలోకి ఎత్తాం. ఒక్కో పాత డ్రైవ్‌కీ ఒక్కో ఫోల్డర్. కాపీకి టెరాకాపీ వాడాం. అది కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్లను చదివి, తేడా లేదని సరిచూస్తుంది. విండోస్‌లో మామూలుగా లాగి వదిలితే ఆ సరిచూపు ఉండదు. సమయం విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. పోర్టబుల్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున ఇచ్చినా 1 టీబీకి దాదాపు మూడు గంటలు పడుతుంది. యూఎస్‌బీ 2.0 కాలం నాటి పాత డబ్బా అయితే ఎనిమిది గంటలు దాటుతుంది. చిన్న చిన్న జేపెగ్‌లు వేలల్లో ఉంటే ఇంకా నెమ్మది. రాత్రి పెట్టి ఇంటికెళ్లిపోవడమే.

ఇక్కడ ఒక ప్రమాదం చెప్పాలి. కెమెరా ఫైళ్ల నంబర్లు 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తాయి. మూడు కెమెరాలతో ఇన్నేళ్లు తీసిన స్టూడియోలో డీఎస్‌సీ 0412 అనే పేరుతో ఇరవై వేర్వేరు ఫోటోలుంటాయి. రెండు ఫోల్డర్లను కలిపేటప్పుడు 'ఈ పేరుతో ఫైల్ ఉంది, రీప్లేస్ చేయమంటారా' అని విండోస్ అడుగుతుంది. అవునని నొక్కారా, ఒకరి తలంబ్రాల మీద ఇంకొకరి గృహప్రవేశం వచ్చి కూర్చుంటుంది. పేరు ఒకటే అయినంత మాత్రాన డూప్లికేట్ కాదు. లైట్‌రూమ్ ఇంపోర్ట్‌లో అనుమానిత డూప్లికేట్లను వదిలేయమనే ఆప్షన్ పేరుతో పాటు ఫోటో తీసిన సమయం, ఫైల్ సైజు కూడా చూస్తుంది. దాన్ని నమ్మొచ్చు.

తేదీ ఫోల్డర్లు మన పెళ్లిళ్లకు పనికిరావు

యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా ఒకటే సలహా: ఏడాది, నెల, తేదీ అని ఫోల్డర్లు పెట్టండి, లైట్‌రూమే ఆటోమేటిగ్గా చేసేస్తుంది. ఊటీ ట్రిప్‌కి బాగానే ఉంటుంది. తెలుగు పెళ్లికి కాదు. పెళ్లికూతుర్ని చేయడం ఒక రోజు, ఎదుర్కోలు రాత్రి తొమ్మిదికి, ముహూర్తం తెల్లవారుజామున రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి, వ్రతం మర్నాడు, రిసెప్షన్ ఇంకో ఊళ్లో రెండు రోజుల తర్వాత. తేదీ ప్రకారం విడగొడితే కాళ్లు కడగడం ఒక ఫోల్డర్‌లో, మంగళసూత్రం ఇంకో ఫోల్డర్‌లో పడతాయి. పైగా ముహూర్తాలున్న రోజు స్టూడియో రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది. అవి రెండూ కలిసిపోతాయి.

అందుకే మేం ఏడాది ఫోల్డర్ మాత్రం ఉంచి, దాని కింద ఒక్కో శుభకార్యానికీ ఒక్కో ఫోల్డర్ పెట్టాం. పేరు వరుస ఇలా: ముహూర్తం తేదీ, ఇంటిపేరు, ఊరు, కార్యం. తేదీని ఏడాదితో మొదలుపెట్టి, 2014-05-18 అన్నట్టు రాస్తే కంప్యూటర్ వాటంతటవే వరుసలో పెడుతుంది. ఇంటిపేరూ ఊరూ ఎందుకంటే, పాత డ్రైవ్‌లలో 'సుబ్బారావు గారి అమ్మాయి పెళ్లి' అనే ఫోల్డర్లు నాలుగు దొరికాయి. నలుగురు వేర్వేరు సుబ్బారావులు. ఏ సుబ్బారావు ఎవరో మామయ్యకు గుర్తుంది, నాకు తెలిసే మార్గమే లేదు. ఆయన పక్కన కూర్చుని చెప్తుంటే నేను టైపు చేశాను. నిజానికి మూడు వారాల్లో అతి విలువైన పని ఇదే. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు.

పక్కమాట ఒకటి. ఫోల్డర్ పేర్లు తెలుగులోనే పెట్టొచ్చు, విండోస్, మ్యాక్ రెండూ ఒప్పుకుంటాయి. కానీ శుభలేఖల కోసం అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలను కాపీ చేసి ఫైల్ పేరుగా పేస్ట్ చేస్తే మాత్రం పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. అలాంటి ఫోల్డర్లు ఓ నలభై దొరికాయి. వాటిని తెరిచి, పెళ్లికొడుకు మొహం చూసి పేరు పెట్టాల్సి వచ్చింది.

ఆల్బమ్ షీట్లది మరో గోల. 12×36 సైజు పీఎస్‌డీలు, ఒక్కోటి వందల ఎంబీ. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'లాస్ట్ ఫైనల్', 'ప్రింట్‌కి పంపింది' అని పేర్లు. ప్రింట్‌కి వెళ్లిన జేపెగ్‌లు, చివరి పీఎస్‌డీ ఉంచి మిగతావి తీసేయమని నా సలహా. మామయ్య ఒప్పుకోలేదు. సరే, ఆయన స్టూడియో, ఆయన ఇష్టం.

కదిలించేది లైట్‌రూమ్ లోపలి నుంచే

ఇప్పుడు ప్రశ్నార్థకాల సంగతి. మామయ్య ఏళ్ల తరబడి చేసిన పని ఏంటంటే, కంప్యూటర్ నిండగానే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పాత పెళ్లి ఫోల్డర్‌ని కట్ చేసి హార్డ్ డిస్క్‌లో పేస్ట్ చేయడం. ఫోటో మారింది, జాబితాలో అడ్రస్ మారలేదు. దాంతో లైట్‌రూమ్ పాత చోటే వెతుక్కుని, దొరక్క ప్రశ్నార్థకం పెడుతుంది. ఎడిట్లు ఎక్కడికీ పోలేదు, దారి తెగిందంతే. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్ నొక్కి కొత్త చోటు చూపిస్తే అతుక్కుంటుంది. పై ఫోల్డర్ ఒక్కటి చూపిస్తే కింద ఉన్నవన్నీ సరవుతాయి కాబట్టి వేలకు వేల ఫోటోలు పది నిమిషాల్లో తిరిగొస్తాయి. ఆ ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే మామయ్య మొహం చూడాలి!

విండోస్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డ్రైవ్ అక్షరం ఇవాళ ఈ అయితే రేపు ఎఫ్ అవుతుంది, ముందు ఏ పెన్‌డ్రైవ్ గుచ్చారన్నదాన్ని బట్టి. లైట్‌రూమ్ అయోమయంలో పడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఫోటోల డ్రైవ్‌కి చివరి అక్షరాల్లో ఏదో ఒకటి శాశ్వతంగా ఇవ్వండి. మేం పి ఇచ్చాం. మ్యాక్‌లో అక్షరాలు ఉండవు, డ్రైవ్ పేరు మార్చకుండా ఉంటే చాలు.

11 క్యాటలాగ్‌లలోనూ తెగిన దారులు అతికించాకే వాటిని ఒకటిగా కలిపాం. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ఫ్రమ్ అనదర్ క్యాటలాగ్ అని ఉంటుంది. ఎడిట్లు, స్టార్లు, కలెక్షన్లు అన్నీ వచ్చేస్తాయి. లైట్‌రూమ్ 4 కాలం నాటి క్యాటలాగ్‌ని కొత్త క్లాసిక్‌లో తెరిస్తే అది కొత్త కాపీ ఒకటి తయారుచేసుకుని పాతదాన్ని అలాగే వదిలేస్తుంది కాబట్టి భయం లేదు. ఒకే క్యాటలాగ్‌లో ఇన్ని ఫోటోలా అని అనుమానం వస్తుంది. క్యాటలాగ్ సొంత కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే 1.84 లక్షలు దానికి భారం కాదు. ఫోటోలు బయటి హార్డ్ డిస్క్‌లో ఉన్నా పర్లేదు. క్యాటలాగ్‌ని మాత్రం హార్డ్ డిస్క్ మీద పెట్టొద్దు. నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెడితే అసలు తెరుచుకోదు.

ఇలా ఒకటి చేశాక కదిలింపులన్నీ లైట్‌రూమ్ ఫోల్డర్ల ప్యానెల్‌లోనే. అక్కడ లాగి వదిలితే డిస్క్ మీద ఫైలూ కదులుతుంది, జాబితాలో అడ్రసూ మారుతుంది.

రెండు కెమెరాలు, ఒక జీలకర్ర బెల్లం

ఇది చదివే స్టూడియో వాళ్లకు బాగా పనికొచ్చే చిట్కా. పెళ్లికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వెళ్తారు. ఇద్దరి కెమెరా గడియారాలూ ఎప్పుడూ కలవవు. ఒకటి ఏడు నిమిషాలు ముందుంటుంది, ఒక్కోసారి ఏకంగా వేరే ఏడాదిలో ఉంటుంది. టైమ్ ప్రకారం సార్ట్ చేస్తే అప్పగింతల తర్వాత తలంబ్రాలు వస్తాయి. దీన్ని సరిచేయాలంటే ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కిన ఫ్రేమ్ కావాలి. మన పెళ్లిలో అలాంటి క్షణం ఒకటుంది. తలల మీద జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొన్ని సెకన్లలో నొక్కని ఫోటోగ్రాఫర్ ఉండడు. రెండు కెమెరాల నుంచీ ఆ ఫ్రేమ్ తీసుకుని తేడా ఎంతో చూసి, తప్పు గడియారం ఉన్న కెమెరా ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి మెటాడేటా మెనూలో ఎడిట్ క్యాప్చర్ టైమ్‌తో జరిపేయడమే. మెటాడేటా ఫిల్టర్‌లో కెమెరా సీరియల్ నంబర్‌తో వాటిని విడదీయొచ్చు. ఒక్కో పెళ్లికి రెండు నిమిషాల పని.

నాలుగో నంబర్ డ్రైవ్

రెండో వారంలో ఒక పెద్దావిడ స్టూడియోకి వచ్చారు. 2014లో వాళ్లమ్మాయి పెళ్లి తీసింది మామయ్యే. "తమ్ముడూ, మీ బావగారు పోయి ఆరు రోజులైంది. పదకొండో రోజుకి పటం కట్టించాలి. అమ్మాయి పెళ్లిలో ఆయన నవ్వుతూ ఉన్న ఫోటో ఒకటుండాలి, చూడవా" అన్నారు. వాళ్ల దగ్గర ఉన్నది వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీ. ఫోటోని మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, ఫోన్ తెర మీద బాగానే కనిపించినా 12×18 ప్రింట్ వేస్తే మొహం మీద గళ్లు తేలతాయి.

కలిపిన క్యాటలాగ్‌లో ఇంటిపేరు కొట్టగానే ఆ పెళ్లి వచ్చింది. ఆయన నవ్వుతున్న ఫోటో తెర మీద కనిపిస్తూనే ఉంది. కానీ అది ప్రివ్యూ మాత్రమే. చిత్రం మూలన ఆశ్చర్యార్థకం. అసలు ఫైల్ ఎర్ర స్టిక్కర్ డ్రైవ్‌లో ఉంది.

ఆ డ్రైవ్ టకటకా శబ్దం చేస్తూ ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. శబ్దం వచ్చే డ్రైవ్‌ని ఎన్నిసార్లు ఆన్ చేస్తే అంత చేటు, నేరుగా డేటా రికవరీ ల్యాబ్‌కి పంపడమే. ఇది శబ్దం లేకుండా, చదవడానికి మాత్రం మొరాయిస్తోంది. మొదటి వారంలోనే దాన్ని లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూతో కాపీకి పెట్టాం. మామూలు కాపీ ప్రోగ్రామ్ పాడైన చోట ఆగిపోయి డ్రైవ్‌ని నమిలేస్తుంది. ఇది బాగున్న భాగాలను ముందు లాగేసి, పాడైన చోట్లను రాసి పెట్టుకుని చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆపినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. నాలుగు రోజులు నడిచింది. చాలా వరకూ వచ్చింది. ఆ కాపీలోంచి ఆ పెళ్లి ఫోల్డర్ తీసి చూస్తే, ఆ ఫోటో పై భాగం బాగానే ఉంది, గడ్డం కింద నుంచి మొత్తం బూడిద రంగు. మామయ్య ఏమీ మాట్లాడలేదు. ఆవిడ కుర్చీలో కూర్చునే ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, రెండో కెమెరా. ఏడో నంబర్ డ్రైవ్‌లో 'అసిస్టెంట్ కార్డు' అనే ఫోల్డర్ కింద ఆ రోజు అసిస్టెంట్ తీసినవి విడిగా పడి ఉన్నాయి. ముందు రోజే వాటి గడియారం సరిచేసి ఈ పెళ్లిలో కలిపాం. టైమ్ ప్రకారం సార్ట్ చేస్తే, పాడైన ఫ్రేమ్ పక్కనే, రెండు సెకన్ల తేడాలో అదే నవ్వు, కొంచెం పక్క నుంచి. రా ఫైల్, పూర్తిగా తెరుచుకుంది. ఆవిడ తెర దగ్గరికి వచ్చి చాలాసేపు చూశారు. "ఆయన పన్ను విరిగింది ఆ నెలే. దాచుకుంటూ నవ్వేవారు, ఇందులో దాచుకోలేదు" అన్నారు. మర్నాడు ప్రింట్ ఇచ్చాం.

నాలుగో డ్రైవ్‌లో ఇంకా పాడైన ఫైళ్లు 212 ఉన్నాయి. వాటన్నిటికీ రెండో కెమెరా లేదు.

ఎడిట్లు ఒక్క చోటే ఉండకూడదు

క్యాటలాగ్ పాడైతే పదేళ్ల ఎడిట్లు పోతాయి. దీనికి రెండు అడ్డుగోడలు పెట్టుకోవచ్చు. లైట్‌రూమ్ మూసేటప్పుడు అడిగే క్యాటలాగ్ బ్యాకప్ ఒకటి. అది ఫోటోలను బ్యాకప్ చేయదని మళ్లీ చెప్తున్నాను. మామూలుగా అది క్యాటలాగ్ ఉన్న ఫోల్డర్ పక్కనే పడుతుంది, అంటే ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి. చోటు మార్చి వేరే డ్రైవ్ చూపించండి. రెండోది, క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మార్పులను ఎక్స్‌ఎంపీలో ఆటోమేటిగ్గా రాయమనే టిక్. ఇది పెడితే ప్రతి రా ఫైల్ పక్కన చిన్న టెక్స్ట్ ఫైల్ తయారై, అందులో స్లైడర్లు, స్టార్లు, కీవర్డ్లు ఉంటాయి. కలెక్షన్లు, వర్చువల్ కాపీలు అందులోకి రావు. అయినా రేపు లైట్‌రూమ్ వదిలేసినా కీవర్డ్లు, రేటింగ్‌లు మీతో వస్తాయి. పికాసా 2016లో ఆగిపోయింది. అంతకు రెండేళ్ల ముందు యాపిల్ తన అపెర్చర్‌కి స్వస్తి చెప్పింది. ఏ సాఫ్ట్‌వేర్ శాశ్వతం కాదని వాటిని వాడినవాళ్లకు తెలుసు.

చందా కట్టడం ఆపేస్తే ఏమవుతుందని కూడా చాలామంది అడుగుతారు. లైట్‌రూమ్ క్లాసిక్ తెరుచుకుంటుంది, ఫోటోలు చూడొచ్చు, ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. డెవలప్, మ్యాప్ మాడ్యూళ్లు మాత్రం పని చేయవు. డబ్బు కట్టడం ఇష్టం లేనివాళ్లు, ముఖ్యంగా ఇంటి ఫోటోలు మాత్రమే ఉన్నవాళ్లు, డిజీక్యామ్ చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, ఊడదీసిన డ్రైవ్‌లలోని ఫోటోలనూ గుర్తుపెట్టుకుంటుంది. చూడటానికి అందంగా ఉండదు, పని చేస్తుంది.

స్మార్ట్ ప్రివ్యూల గురించి ఒక్క ముక్క. పొడవు వైపు 2560 పిక్సెళ్లుండే చిన్న డీఎన్‌జీలు అవి. హార్డ్ డిస్క్ స్టూడియోలో వదిలి ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నా కలర్ కరెక్షన్ చేసుకోవచ్చు. ఈ సీజన్ పెళ్లిళ్లకు మాత్రం తయారుచేసుకుంటే చాలు.

మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో

పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మీరు వినే ఉంటారు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. మొత్తం క్లౌడ్‌లో పెడదామని మామయ్య కొడుకు అన్నాడు. లెక్క వేశాం. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగం నిలకడగా ఇచ్చినా 3.2 టీబీ ఎక్కడానికి ఏడు రోజులకు పైగా ఆగకుండా నడవాలి. కరెంటు సంగతి మీకు తెలుసు. అందుకే క్లౌడ్‌లోకి ఫైనల్ జేపెగ్‌లు మాత్రమే వెళ్తున్నాయి. రా ఫైళ్లకు అదే 8 టీబీ డ్రైవ్ మరొకటి కొన్నాం, అది గుంటూరులో మా ఇంట్లో ఉంటుంది. నెలకోసారి తెచ్చి ఫ్రీఫైల్‌సింక్‌తో కొత్తవి ఎక్కించి తీసుకెళ్లిపోవడమే.

ఎస్‌ఎస్‌డీలో పెట్టి బీరువాలో దాచొచ్చా అంటే, నేను వద్దంటాను. ఎస్‌ఎస్‌డీ డేటాని విద్యుదావేశం రూపంలో దాస్తుంది, కరెంటు లేకుండా ఎక్కువ కాలం ఉంటే, అందులోనూ వేడిలో, ఆ ఆవేశం కారిపోతుంది. జెడెక్ ప్రమాణం ప్రకారం రాత సామర్థ్యం పూర్తిగా అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలబడితే పాసైనట్టే. కొత్తది అంతకంటే ఎక్కువే ఉంటుంది, నిజమే. కానీ మే నెలలో మన రేకుల గదుల్లో 30 డిగ్రీలు ఎక్కడివి? పని చేయడానికి ఎస్‌ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్క్. ఆ హార్డ్ డిస్క్‌ని కూడా అప్పుడప్పుడూ తిప్పి చూడాలి.

ఇప్పుడు స్టూడియోలో కొత్త పద్ధతి ఏంటంటే, కార్డు తెచ్చిన రాత్రే ఇంపోర్ట్, అదే సమయంలో రెండో కాపీ. లైట్‌రూమ్ ఇంపోర్ట్‌లోనే ఇంకో డ్రైవ్‌కి కాపీ చేసే ఆప్షన్ ఉంది. రెండు చోట్లా తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్. అసిస్టెంట్ కార్డుకీ అదే రూలు.

మిగిలిందల్లా అటక మీద రెండు అట్టపెట్టెల్లో ఉన్న డీవీడీలు. 2005 నుంచి 2009 దాకా పెళ్లిళ్లు, ఓ 140 దాకా ఉంటాయి. కొన్నిటి మీద బూజు. మా ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోనూ డీవీడీ డ్రైవ్ లేదు. యూఎస్‌బీది ఒకటి ఆర్డర్ పెట్టాను, దసరా సెలవుల్లో మొదలుపెడతాం. ఎన్ని చదువుతాయో చూడాలి.